గ్రబ్ ఎక్కింది అంటోంది, వీఎం మాత్రం బూట్ కావట్లేదా? ఆ లూప్0 డిస్కో పార్టిషనో ముందు చూడండి

మీరు రాసినదాన్ని బట్టి జరిగింది ఇదీ. వీఎం (వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) కోసం 8 జీబీ రా ఇమేజ్ (డిస్క్ బైట్లు ఉన్నవి ఉన్నట్టు ఉండే ఫైల్) ఒకటి చేశారు, ఎఫ్‌డిస్క్‌తో అందులో ఒకే పార్టిషన్ పెట్టారు, దాన్ని ఆఫ్‌సెట్ (ఫైల్‌లో ఎన్నో బైట్ నుంచి చదవాలో చెప్పే నంబరు) ఇచ్చి మౌంట్ చేసి డెబూట్‌స్ట్రాప్‌తో డెబియన్ లినక్స్ దింపారు. తర్వాత లోపలికి సీహెచ్‌రూట్ అయి (అంటే ఆ ఫోల్డర్‌నే రూట్‌గా చేసుకుని), సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్ గ్రబ్‌ని ఎక్కించడానికి గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే ఎంబెడ్డింగ్ కుదరదని, బ్లాక్‌లిస్టులతో ముందుకు వెళ్లనని మొరాయించింది. ఎక్కడో చదివి --ఫోర్స్ తగిలించారు. ఈసారి ఏ ఎర్రరూ లేకుండా పూర్తయిందని చెప్పింది. వీఎం ఆన్ చేస్తే మాత్రం "బూటింగ్ ఫ్రమ్ హార్డ్ డిస్క్..." అన్న లైన్ దగ్గర కర్సర్ నిలబడిపోయింది, ఎంతసేపు చూసినా కదల్లేదు.

గ్రబ్ తప్పేమీ లేదు, డెబియన్ తప్పూ లేదు. ఆఫ్‌సెట్ దగ్గరే మెలిక పడింది. మీరిచ్చింది 1048576 కదా, అంటే ఒక్కోటి 512 బైట్ల చొప్పున 2048 సెక్టార్లు దాటేసి, అక్కడ మొదలయ్యే ముక్కకి /డెవ్/లూప్0 (ఫైల్‌ని డిస్క్‌లా చూపించే లూప్ డివైస్) అని పేరు పెట్టారన్నమాట. మౌంట్ చేసుకోవడానికి అది చక్కగా సరిపోతుంది, ఫైల్ సిస్టమ్ సరిగ్గా అక్కడే మొదలవుతుంది కాబట్టి. గ్రబ్‌కి మాత్రం ఆ లూప్0 డిస్క్‌లా కనిపించదు. పార్టిషన్ టేబుల్ లేదు, ముందు ఖాళీ జాగా లేదు, మొదటి బైట్ నుంచీ ఈఎక్స్‌టీ4 పరుచుకుని ఉంది. నేనెక్కడ కూర్చోవాలి అని అడిగింది, మీరు ఫోర్స్ అన్నారు, సరేనని పోయి ఆ పార్టిషన్ మొదటి సెక్టార్‌లో కూర్చుంది. కంప్యూటర్ ఆన్ కాగానే ముందు లేచే ఫర్మ్‌వేర్, అంటే బయోస్, అటు తొంగి కూడా చూడదు.

బయోస్ చూసేది మొత్తం డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్, అంటే ఎంబీఆర్. దాని 512 బైట్లలో మొదటి 446 బూట్ కోడ్‌కి, తర్వాత 64 పార్టిషన్ టేబుల్‌కి (16 బైట్ల ఎంట్రీలు నాలుగు), చివరి రెండూ 55, ఏఏ అనే సంతకం. ఎఫ్‌డిస్క్ కొత్త టేబుల్ రాసేటప్పుడు ఆ సంతకం కూడా పెట్టేస్తుంది, కోడ్ ఉండాల్సిన చోట మాత్రం సున్నాలే ఉంటాయి. వీఎంలని నడిపే క్యూఎములో మామూలుగా వచ్చే సీబయోస్ ఆ సంతకం చూసి ఇది బూట్ అయ్యే డిస్కే అనుకుని, సెక్టార్ మొత్తాన్ని మెమరీలో 7సీ00 అనే అడ్రస్ దగ్గర దించి, కంట్రోల్ దానికి ఇచ్చేస్తుంది. ప్రాసెసర్‌కి సున్నాల జత కూడా చెల్లుబాటయ్యే ఇన్‌స్ట్రక్షనే, కాబట్టి అది అభ్యంతరం చెప్పకుండా సున్నాల్లో నడుచుకుంటూ ఎటో పోతుంది. అందుకే మీకు ఎర్రర్ రాలేదు, కర్సర్ ఒక్కటే మిగిలింది. సంతకం కూడా లేకపోయి ఉంటే "నాట్ ఎ బూటబుల్ డిస్క్" అని మొహం మీదే చెప్పేది, ఒక రకంగా అదే నయం.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. ఇమేజ్ ఫైల్ మీద హెక్స్‌డంప్‌ని క్యాపిటల్ సీ ఆప్షన్‌తో, మొదటి 512 బైట్లకి నడపండి. (కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, టెర్మినల్‌లో ఎలాగూ మామూలుగానే కొడతారు.) ఇప్పుడు మీ ఇమేజ్‌లో పైనంతా సున్నాల మీద సున్నాలు, చివర్లో పార్టిషన్ ఎంట్రీ ఒకటి, ఆఖర్న 55 ఏఏ కనిపిస్తాయి. గ్రబ్ సరిగ్గా ఎక్కిన డిస్క్ అయితే పై నుంచే కోడ్ కిక్కిరిసి ఉంటుంది, కుడి పక్క కాలమ్‌లో కిందికి వచ్చేసరికి గ్రబ్, జియోమ్, హార్డ్ డిస్క్, రీడ్, ఎర్రర్ అనే మాటలు వరసగా చదవడానికి దొరుకుతాయి. ఆ మాటలు లేవంటే ఎంబీఆర్‌లో గ్రబ్ లేనట్టే, ఇన్‌స్టాలర్ ఎన్నిసార్లు పూర్తయింది అని చెప్పినా సరే.

ఎంబెడ్డింగ్ అని అది దేని గురించి గోల పెట్టిందో కూడా చెప్తాను, అది తెలిస్తే తర్వాత వచ్చే సగం ఎర్రర్లు వాటంతటవే అర్థమవుతాయి. 446 బైట్లలో ఈఎక్స్‌టీ4 చదవగలిగే కోడ్ పట్టదు కదా. అందుకని గ్రబ్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఎంబీఆర్‌లో ఉండే చిన్న ముక్క బూట్.ఐఎంజీ, దానికి తెలిసిందల్లా రెండో ముక్క ఏ సెక్టార్‌లో మొదలవుతుందన్న ఒక్క నంబరే. ఆ రెండోది కోర్.ఐఎంజీ, అటూఇటూగా 30 కేబీ ఉంటుంది, పార్టిషన్ టేబుల్‌నీ ఫైల్ సిస్టమ్‌నీ చదవడం దానికి వచ్చు. అది కాపురం ఉండేది ఎంబీఆర్‌కీ మొదటి పార్టిషన్‌కీ మధ్య ఉన్న ఖాళీలో. పాతకాలం టూల్స్ మొదటి పార్టిషన్‌ని 63వ సెక్టార్‌లో మొదలుపెట్టేవి, అంటే మిగిలేది 62 సెక్టార్లు, దాదాపు 31 కేబీ. ఎల్‌వీఎం, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటి మాడ్యూల్స్ కలిస్తే కోర్ అందులో ఇమడక ఏడిపించేది. ఇప్పుడు 2048 నుంచి మొదలవుతుంది కాబట్టి దాదాపు 1 ఎంబీ దొరుకుతుంది, ఇరుకు లేదు. ఆ ఖాళీ కనపడకపోతే గ్రబ్‌కి మిగిలే దారి బ్లాక్‌లిస్ట్, అంటే కోర్ ఫైల్ డిస్క్‌లో ఏయే బ్లాకుల్లో ఉందో నంబర్లు రాసి పెట్టుకోవడం. ఫైల్ కాస్త జరిగిందంటే ఆ నంబర్లు చెత్తబుట్టకే. అందుకే అది మిమ్మల్ని ఆపింది, మీరేమో తోసుకుని వెళ్లారు.

ఇక సరిచేయడం. అన్నీ అన్‌మౌంట్ చేసి, ఉన్న లూప్‌ని విడిపించి, ఈసారి ఆఫ్‌సెట్ లేకుండా మొత్తం ఫైల్‌ని లూప్‌కి కట్టండి, పార్టిషన్లు కూడా వెతకమని చెప్తూ:

లోసెటప్ --ఫైండ్ --షో --పార్ట్‌స్కాన్ డిస్క్.ఐఎంజీ

అది ఒక పేరు ఇస్తుంది, /డెవ్/లూప్0 అనుకుందాం. ఇప్పుడు లూప్0 అంటే మొత్తం డిస్క్, లూప్0పీ1 అంటే అందులోని పార్టిషన్. ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి రెండూ ఒకదాని కింద ఒకటి చెట్టులా కనిపిస్తున్నాయో లేదో చూడండి, కనిపించకపోతే ముందుకు వెళ్లొద్దు. కేపార్ట్ఎక్స్‌తో కూడా ఇదే పని అవుతుంది కానీ అది మ్యాపర్ కింద వేరే పేర్లు పెడుతుంది, ఆ పేర్లతో గ్రబ్ అప్పుడప్పుడు తికమక పడుతుంది, కాబట్టి పార్ట్‌స్కాన్ ఉన్నప్పుడు దాని జోలికి నేను వెళ్లను. తర్వాత:

మౌంట్ /డెవ్/లూప్0పీ1 /ఎంఎన్‌టీ
గ్రబ్-ఇన్‌స్టాల్ --టార్గెట్=ఐ386-పీసీ --బూట్-డైరెక్టరీ=/ఎంఎన్‌టీ/బూట్ /డెవ్/లూప్0

చూశారా, మౌంట్‌కి పార్టిషన్, గ్రబ్‌కి డిస్క్. చివర పీ1 చేరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. దీనికి సీహెచ్‌రూట్ కూడా అక్కర్లేదు, హోస్ట్‌లో (వీఎంని నడిపే అసలు కంప్యూటర్‌లో) గ్రబ్-పీసీ-బిన్ ప్యాకేజీ ఉంటే చాలు. గ్రబ్ ఇక్కడ ఒక తెలివైన పని చేస్తుంది: బూట్ డైరెక్టరీ ఉన్న డిస్కూ, తాను ఎక్కుతున్న డిస్కూ ఒకటే అని గమనిస్తే, లూప్0 అన్న పేరు ఎక్కడా రాసుకోకుండా, "నేను ఏ డిస్క్ నుంచి లేచానో అందులోనే మొదటి పార్టిషన్" అని మాత్రమే గుర్తు పెట్టుకుంటుంది. అందువల్ల రేపు వీఎంలో ఆ డిస్క్ పేరు వీడీఏ అయినా ఎస్‌డీఏ అయినా దానికి ఇబ్బంది లేదు.

ఒకే డిస్క్‌కి హోస్ట్‌లో ఒక పేరు, గెస్ట్‌లో (వీఎం లోపల) ఇంకో పేరు అన్న ఈ సంగతే మొత్తం వ్యవహారానికి మూలం. హోస్ట్ దాన్ని లూప్0 అంటుంది, వీఎంల కోసమే చేసిన విర్ట్‌ఐఓ పద్ధతితో తగిలిస్తే గెస్ట్ వీడీఏ అంటుంది, సాటా గానో ఐడీఈ గానో తగిలిస్తే ఎస్‌డీఏ అంటుంది. ఏ కమాండ్ కొట్టేముందైనా ఈ పేరు ఎవరిది అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను ఒకసారి ప్రశ్నించుకోలేదు.

అప్పట్లో నాది పాత ల్యాప్‌టాప్, బయోస్‌తోనే లేచేది. ఇమేజ్‌ని మౌంట్ చేసి, హోస్ట్ /డెవ్‌ని లోపల కూడా కనిపించేలా బైండ్ చేసి, సీహెచ్‌రూట్ అయ్యాను. లోపలికి వెళ్లాక ప్రాంప్ట్ మారిపోతుంది కదా, మనసు కూడా వీఎంలోకి వెళ్లిపోయింది. వీఎంలో డిస్క్ ఎస్‌డీఏ అవుతుంది కాబట్టి గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ అని కొట్టేశాను. ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. బైండ్ చేసిన /డెవ్ హోస్ట్‌దే, అందులో ఎస్‌డీఏ అంటే నా ల్యాప్‌టాప్ డిస్క్. వీఎం లేవలేదు, ఏదో తేడా కొట్టిందిలే రేపు చూద్దాం అని మూసేశాను. మర్నాడు ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల తెర మీద "నో సచ్ డివైస్" అని ఒక పొడవాటి యూయూఐడీ (ఫైల్ సిస్టమ్‌కి ఉండే గుర్తింపు నంబరు), కింద గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్. ఆ యూయూఐడీ ఎవరిదో గుర్తుపట్టేసరికి అరగంట పట్టింది, అది ఇమేజ్‌లోని పార్టిషన్‌ది. బూట్ డైరెక్టరీ ఒక డిస్క్‌లో, ఎంబీఆర్ ఇంకో డిస్క్‌లో ఉందని చూసి, గ్రబ్ బుద్ధిగా ఆ ఇమేజ్ యూయూఐడీని వెతకమని నా ల్యాప్‌టాప్ ఎంబీఆర్ వెనక రాసిపెట్టింది. ఇమేజ్ ఏమో ఫైల్ సిస్టమ్ లోపల ఒక ఫైల్, బూట్ సమయంలో దాన్ని ఎవరు చూస్తారు.

బయటపడిన పద్ధతి చెప్తా, మీకూ పనికొస్తుంది. రెస్క్యూ ప్రాంప్ట్‌లో ఎల్ఎస్ కొడితే (హెచ్‌డీ0), (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్1) అంటూ ఉన్న పార్టిషన్లు చూపిస్తుంది. ఒక్కోదాని వెనక /బూట్/గ్రబ్ చేర్చి ఎల్ఎస్ కొడుతూ పోతే ఎక్కడ ఫైళ్లు ఉన్నాయో తెలుస్తుంది. దొరికాక సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్1)/బూట్/గ్రబ్, తర్వాత ఇన్స్‌మాడ్ నార్మల్, తర్వాత నార్మల్. మెనూ వచ్చేస్తుంది. నా అదృష్టం, ఇమేజ్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే డెబియన్ వెర్షన్ ఉంది, అందుకే ఆ కోర్‌కీ ఈ మాడ్యూల్స్‌కీ పొత్తు కుదిరింది. సిస్టమ్ లేచాక హోస్ట్ మీద మళ్లీ ఒకసారి గ్రబ్-ఇన్‌స్టాల్ చేస్తే సరిపోయింది. అప్పటి నుంచి సీహెచ్‌రూట్ లోపల గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టడం మానేశాను. లోపల చేసేది అప్‌డేట్-గ్రబ్ ఒక్కటే.

ఆ అప్‌డేట్-గ్రబ్ దగ్గర కూడా మీ పాత పద్ధతిలో ఒక గొయ్యి ఉంది, మీరు దాన్నింకా చూసి ఉండరు. డెబియన్‌లో మెనూ తయారుచేసే స్క్రిప్ట్, రూట్ ఉన్నది లూప్0 మీద, ఆ లూప్ వెనక ఉన్నది ఒక ఫైల్ అని తెలుసుకుంటే, నా వల్ల కాదని నోరెత్తకుండా బయటికి వచ్చేస్తుంది. ఎర్రర్ ఉండదు, గ్రబ్.సీఎఫ్‌జీ అనే మెనూ ఫైల్ కూడా తయారవుతుంది, అందులో కెర్నల్ ఎంట్రీలు మాత్రం ఉండవు. ఆఫ్‌సెట్‌తో మౌంట్ చేసిన చాలామందికి ఎంబీఆర్ సరిచేశాక మెనూ బదులు ఉత్త గ్రబ్ ప్రాంప్ట్ రావడానికి కారణం ఇదే. లూప్0పీ1 నుంచి మౌంట్ చేస్తే ఆ నిబంధన తగలదు. కాబట్టి కొత్త పద్ధతిలో మౌంట్ చేశాక /డెవ్, /ప్రాక్, /సిస్ మూడూ బైండ్ చేసి, సీహెచ్‌రూట్ అయి, అప్‌డేట్-గ్రబ్ మళ్లీ నడపండి. /డెవ్ బైండ్ చేయడం మరిస్తే "కెనాట్ ఫైండ్ ఎ డివైస్ ఫర్ /" అని అంటుంది, అప్పుడు కంగారు పడొద్దు. ఫెడోరా వంశం అయితే గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్, దానికి -ఓ తో ఫైల్ దారి ఇవ్వాలి.

నడిపాక తప్పకుండా గ్రబ్.సీఎఫ్‌జీలో లూప్ అనే మాట కోసం గ్రెప్ కొట్టండి. కెర్నల్ లైన్‌లో రూట్=యూయూఐడీ=... అని ఉండాలి, రూట్=/డెవ్/లూప్0పీ1 అని ఉందంటే గెస్ట్‌లో ఆ పేరు గల డిస్కే ఉండదు కాబట్టి కెర్నల్ లేచి మరీ పడిపోతుంది. ఇది ఎక్కువగా డాకర్ కంటైనర్‌లో ఇమేజ్ కట్టేవాళ్లకి వస్తుంది, అక్కడ డివైస్ పేర్లూ లింకులూ పెట్టే యూడెవ్ ఉండదు, డిస్క్/బై-యూయూఐడీ కింద లింక్ ఉండదు, ఆ లింక్ కనపడక స్క్రిప్ట్ చేతిలో ఉన్న పేరే రాసేస్తుంది. అదే ఫైల్‌లో మీ హోస్ట్‌లోని వేరే ఓఎస్‌లు మెనూలోకి వచ్చి కూర్చున్నాయా కూడా చూడండి. గ్రబ్ 2.06 నుంచి, వాటిని వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆగే ఉంటుంది, అంతకన్నా పాతదైతే /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ట్రూ పెట్టండి.

ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనూ అంతే, బీఎల్‌కేఐడీ ఇచ్చిన యూయూఐడీనే రాయండి.

ఇప్పుడు టెస్ట్. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, అన్నీ ఒకేసారి పరీక్షించడం. బూట్‌లోడర్, కెర్నల్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (రూట్ మౌంట్ కాకముందు కెర్నల్ వాడుకునే చిన్న ఫైల్ సిస్టమ్, ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ అంటే ఇదే), రూట్ పార్టిషన్, వీటిలో ఏది పోయినా చివరికి కనిపించేది నల్ల తెరే, దేన్ని తిట్టాలో తెలీదు. క్యూఎములో బూట్‌లోడర్‌ని పూర్తిగా పక్కన పెట్టేసే సౌకర్యం ఉంది. ఇమేజ్‌లోంచి వీఎంలినక్స్, ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్లు రెండూ బయటికి కాపీ చేసుకుని, -కెర్నల్, -ఇనిట్‌ఆర్‌డీ అని వాటిని నేరుగా ఇచ్చి, -అపెండ్‌లో రూట్=/డెవ్/వీడీఏ1 కన్సోల్=టీటీవైఎస్0 అని పెట్టి, -నోగ్రాఫిక్‌తో నడపండి. లాగిన్ దాకా వచ్చిందంటే డెబియన్ నిక్షేపంగా ఉంది, మిగిలిన పంచాయితీ అంతా గ్రబ్‌తోనే. రాకపోతే గ్రబ్‌ని ఎంత గెలికినా లాభం లేదు. ఈ ఒక్క పరీక్ష నాకు మిగిల్చిన రాత్రులు చాలా ఉన్నాయి. (బయటికి రావడానికి కంట్రోల్-ఏ, తర్వాత ఎక్స్. తెలియక టెర్మినల్‌నే మూసేసేవాళ్లని చూశాను.)

డ్రైవ్ ఇచ్చేటప్పుడు ఫార్మాట్=రా అని స్పష్టంగా రాయండి. రాయకపోతే క్యూఎము తానే ఊహించి, ఊహించాను కాబట్టి బ్లాక్ 0 మీద రాతలకు పరిమితి పెడుతున్నాను అని హెచ్చరిస్తుంది. బ్లాక్ 0 అంటే మన ఎంబీఆర్ ఉన్న చోటే.

నేరుగా కెర్నల్ ఇచ్చినప్పుడు "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)" అని ప్యానిక్ వస్తే, చాలాసార్లు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అందలేదనో, లేక డిస్క్ డ్రైవర్ లేదనో అర్థం. డెబియన్‌లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ మామూలుగా మాడ్యూల్స్=మోస్ట్ అని ఉంటుంది కాబట్టి విర్ట్‌ఐఓ_బీఎల్‌కే అందులోనే వస్తుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కట్టడానికి డ్రాకట్ వాడే డిస్ట్రోలలో హోస్ట్-ఓన్లీ మోడ్ ఉంటే, మీ ల్యాప్‌టాప్‌లో సీహెచ్‌రూట్ అయి కట్టినప్పుడు అది ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్‌కి సరిపడా డ్రైవర్లు మాత్రమే సర్దుతుంది, వీఎంలోకి వెళ్లాక డిస్క్ కనపడదు. అక్కడ --నో-హోస్ట్‌ఓన్లీ పెట్టి మళ్లీ కట్టాలి. మళ్లీ అదే హోస్ట్-గెస్ట్ తకరారు, వేషం మారిందంతే.

మీ ఇమేజ్ రా కాబట్టి బతికిపోయారు, క్యూఎము సొంత ఫార్మాట్ క్యూకౌ2 అయితే ఇంకో ప్రమాదం ఉంది. క్యూకౌ2 ఫైల్‌లో డిస్క్ బైట్లు వరసగా ఉండవు, మొదట్లో దాని సొంత హెడర్ ఉంటుంది. దాన్ని నేరుగా లోసెటప్‌కి ఇస్తే పార్టిషన్లు కనపడవు, ఆ కోపంలో ఎంబీఆర్ కోడ్‌ని డీడీతో ఫైల్ మొదట్లోకి కుక్కితే హెడరే పోతుంది, ఇమేజ్ మొత్తం తెరుచుకోదు. దానికి క్యూఎము-ఎన్‌బీడీ ఉంది. ముందు మాడ్‌ప్రోబ్ ఎన్‌బీడీ మ్యాక్స్_పార్ట్=8, తర్వాత క్యూఎము-ఎన్‌బీడీ --కనెక్ట్=/డెవ్/ఎన్‌బీడీ0 డిస్క్.క్యూకౌ2. అప్పుడు ఎన్‌బీడీ0 డిస్క్, ఎన్‌బీడీ0పీ1 పార్టిషన్, మిగతాదంతా పైన చెప్పినట్టే. వీఎం నడుస్తుండగా మాత్రం ఏ ఇమేజ్‌నీ హోస్ట్‌లో మౌంట్ చేయొద్దు, రా అయినా క్యూకౌ2 అయినా. రెండు కెర్నల్స్ ఒకే ఈఎక్స్‌టీ4 మీద ఒకదానికి తెలియకుండా ఒకటి రాస్తే ఫైల్ సిస్టమ్ కొంప మునుగుతుంది.

డీడీ అంటే గుర్తొచ్చింది. గ్రబ్ ఇంత రభసేమిటి, ఎక్స్‌ట్‌లినక్స్ అనే ఇంకో బూట్‌లోడర్ వాడితే పోలా అని కొందరు సలహా ఇస్తారు. చిన్న ఇమేజ్‌లకి అది నిజంగానే ముచ్చటగా ఉంటుంది, బూట్ డైరెక్టరీలో ఇన్‌స్టాల్ చేసి, పార్టిషన్‌కి యాక్టివ్ ఫ్లాగ్ పెట్టి, 440 బైట్ల ఎంబీఆర్.బిన్‌ని ఇమేజ్ మొదట్లో రాస్తే అయిపోతుంది. ఆ రాసేటప్పుడు కాన్వ్=నోట్రంక్ మర్చిపోయారంటే డీడీ మీ 8 జీబీ ఫైల్‌ని 440 బైట్లకి కత్తిరించి చేతిలో పెడుతుంది. పైగా ఎక్స్‌ట్‌లినక్స్ వచ్చే సిస్‌లినక్స్ 6.03కి 64బిట్ ఫీచర్ ఉన్న ఈఎక్స్‌టీ4 చదవడం రాదు, ఈఎక్స్‌టీ4 టూల్స్ ఉండే ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 1.43 నుంచి ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్ఎస్ ఆ ఫీచర్‌ని మామూలుగానే పెట్టేస్తోంది. కాబట్టి ఫార్మాట్ చేసేటప్పుడే దాన్ని తీసేయాలి.

గ్రబ్‌కీ ఇలాంటి తద్దినం ఒకటుంది. హోస్ట్ కొత్తది, ఇమేజ్‌లో దింపే డిస్ట్రో పాతది అనుకోండి. ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 1.47.0 నుంచి మెటాడేటా_సీసమ్_సీడ్ అనే ఫీచర్ ఎంకేఎఫ్ఎస్ తనంతట తానే పెడుతుంది, పాత గ్రబ్ 2.06కి అది తెలియక "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" అంటుంది. ఈఎక్స్‌టీ4 అని కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది, మౌంట్ అవుతూనే ఉంటుంది, గ్రబ్ మాత్రం ఇదేంటో నాకు తెలీదంటుంది. ట్యూన్2ఎఫ్ఎస్ -ఎల్ కొట్టి ఫీచర్ల లైన్ చూడండి, ఉంటే ఎంకేఎఫ్ఎస్‌కి -ఓ ^మెటాడేటా_సీసమ్_సీడ్ ఇచ్చి మళ్లీ ఫార్మాట్ చేయడం శుభ్రమైన దారి (ఆ ఓ క్యాపిటల్). మీ ఎర్రర్ అది కాదు, కానీ తర్వాతి ఇమేజ్‌లో తగలొచ్చు.

బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ యూఈఎఫ్ఐ గురించి కూడా అడిగారు. దానికి ఎంబీఆర్ గొడవలేవీ ఉండవు, ఇంకా సులువు. జీపీటీ అనే కొత్త రకం పార్టిషన్ టేబుల్, అందులో ఫ్యాట్32తో, బూట్‌లోడర్ ఫైళ్లు ఉంచే ఒక ఈఎస్‌పీ పార్టిషన్ (జీడిస్క్‌లో టైప్ ఈఎఫ్00), దాన్ని /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐ మీద మౌంట్ చేసి, గ్రబ్-ఇన్‌స్టాల్‌కి టార్గెట్ ఎక్స్86_64-ఈఎఫ్‌ఐ, --ఈఎఫ్‌ఐ-డైరెక్టరీగా ఆ చోటు, బూట్-డైరెక్టరీ ఎప్పటిలాగే, చివరగా --రిమూవబుల్. ఈ ఆఖరి ఆప్షన్ మరవొద్దు. అది లోడర్‌ని ఈఎఫ్‌ఐ/బూట్/బూట్ఎక్స్64.ఈఎఫ్‌ఐ అన్న పేరుతో పెడుతుంది, ఏ ఎంట్రీ లేకపోయినా ఫర్మ్‌వేర్ వెతికే పేరు అది. ఇది లేకుండా కొడితే, మీ హోస్ట్ కూడా యూఈఎఫ్ఐ అయినప్పుడు, గ్రబ్ పోయి మీ ల్యాప్‌టాప్ మదర్‌బోర్డులోని ఎన్‌వీరామ్‌లో (ఫర్మ్‌వేర్ సెట్టింగులు ఉండే మెమరీలో) కొత్త బూట్ ఎంట్రీ రాసి వస్తుంది. వీఎం ఎన్‌వీరామ్ వేరు, అందులో ఏమీ ఉండదు. తర్వాత క్యూఎముకి ఓవీఎంఎఫ్ అనే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ ఇవ్వాలి, మామూలు సీబయోస్‌కి ఈఎస్‌పీ అంటే ఏమిటో తెలీదు. మొదటిసారి సెక్యూర్ బూట్ లేని ఓవీఎంఎఫ్‌తోనే ప్రయత్నించండి, సంతకాల తలనొప్పి తర్వాత చూసుకోవచ్చు.

జీపీటీ పెట్టి బయోస్‌తో లేపాలంటే మాత్రం, ఎంబీఆర్ తర్వాత ఉండే ఆ ఖాళీని జీపీటీ తన పట్టికకి వాడుకుంటుంది, కాబట్టి కోర్.ఐఎంజీ కోసం 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ విడిగా ఇవ్వాలి. జీడిస్క్‌లో ఈఎఫ్02, పార్టెడ్‌లో బయోస్_గ్రబ్ ఫ్లాగ్. దాన్ని ఫార్మాట్ చేయకూడదు, మౌంట్ చేయకూడదు, ఊరికే వదిలేయాలి. ఈఎఫ్02, ఈఎఫ్00 రెండూ పెట్టి గ్రబ్-ఇన్‌స్టాల్‌ని రెండు టార్గెట్లకీ ఒక్కోసారి నడిపితే అదే ఇమేజ్ ఎక్కడైనా లేస్తుంది. డెబియన్, ఉబుంటు క్లౌడ్ ఇమేజ్‌లు తెరిచి చూస్తే ఈ రెండు చిన్న పార్టిషన్లూ కనిపిస్తాయి. కొత్తగా కట్టే ఇమేజ్ ఏదైనా నేను ఇలాగే కడతాను.

ఇంత తతంగం వద్దు అనుకుంటే, నిజానికి అన్నిటికన్నా భద్రమైన దారి హోస్ట్‌లో ఏమీ చేయకపోవడం. ఇమేజ్‌ని వీఎంకి తగిలించి, డెబియన్ ఐఎస్ఓతో బూట్ చేసి, రెస్క్యూ మోడ్‌లో గ్రబ్ ఎక్కించండి. అక్కడ కనిపించే డిస్క్ అదొక్కటే, తప్పు డిస్క్ మీద రాయాలన్నా రాయలేరు. స్క్రిప్ట్‌లో పెట్టాలంటే విర్ట్-కస్టమైజ్ ఉంది, అది లోపల ఒక చిన్న వీఎం లేపి పని చేస్తుంది, దాని --రన్-కమాండ్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ అన్నా మీ ల్యాప్‌టాప్‌కి ఏమీ కాదు. క్యూకౌ2 కూడా దానికి సమస్య కాదు.

వీఎం మొదటిసారి లేచాక లోపల ఒక పని మిగిలి ఉంటుంది. గ్రబ్-పీసీ ప్యాకేజీ వేసుకుని, డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ నడిపి, /డెవ్/వీడీఏ టిక్ చేయండి. ఇప్పుడు మీరు బయటి నుంచి ఎక్కించారు కాబట్టి ఏ డిస్క్ మీద ఎక్కించాలో ప్యాకేజీకి తెలీదు. మీ హోస్ట్ గ్రబ్ వెర్షన్ వేరైతే, లేదా కొన్ని నెలల తర్వాత అప్‌గ్రేడ్ వస్తే, /బూట్/గ్రబ్‌లోని మాడ్యూల్స్ కొత్తవి అయి ఎంబీఆర్ వెనక కోర్ పాతదే ఉండిపోవచ్చు. అప్పుడు రీబూట్‌లో "సింబల్ నాట్ ఫౌండ్" అని రెస్క్యూ ప్రాంప్ట్ వస్తుంది, నేను చెప్పిన ప్రిఫిక్స్ చిట్కా కూడా దాని ముందు పనిచేయదు, ఎందుకంటే అసలు పొత్తు కుదరనిది ఆ కోర్‌కీ ఈ మాడ్యూల్స్‌కీ మధ్యే.

ముగించేటప్పుడు బైండ్ మౌంట్లు మూడూ, తర్వాత /ఎంఎన్‌టీ అన్‌మౌంట్ చేసి, అప్పుడు లోసెటప్ -డీ /డెవ్/లూప్0. అన్‌మౌంట్ కాకముందే వీఎం ఆన్ చేస్తే రాసినదాంట్లో కొంత ఇంకా హోస్ట్ మెమరీలోనే ఉండి, ఇందాకటి ఎర్రరే మళ్లీ కనిపించి అయోమయంలో పడతారు.

ఇదంతా చేశాక కూడా లేవకపోతే మూడు సంగతులు రాయండి: ఎఫ్‌డిస్క్ -ఎల్ డిస్క్.ఐఎంజీ ఏం చూపించింది (లూప్ లేకుండా ఫైల్ మీదే నడుస్తుంది), హెక్స్‌డంప్‌లో గ్రబ్ అనే మాట కనిపించిందా లేదా, తెర మీద చివరి లైన్ అక్షరం పొల్లు పోకుండా ఏమిటి. ఉత్త గ్రబ్ ప్రాంప్ట్ వచ్చిందో గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్ వచ్చిందో కూడా చూసి చెప్పండి. మొదటిదైతే మాడ్యూల్స్ దొరికాయి, గ్రబ్.సీఎఫ్‌జీ దొరకలేదు, లేదా అందులో కెర్నల్ ఎంట్రీలు లేవు. రెండోదైతే /బూట్/గ్రబ్ దగ్గరికే చేరలేదు, లేదా చేరినా అక్కడి మాడ్యూల్స్‌తో పొత్తు కుదరలేదు.